సంఘానికి వచ్చే ఈ-మెయిలు దానంతట అదే నోటుపుస్తకానికి ఎక్కే విధానం



వెనుకటి రోజులలో సంఘానికి టపా వస్తే కార్యదర్శి కవరు చించి, చదివి, ఇన్వర్డు రిజిస్టరులో నెంబరు, తేదీ వేసి ఫైలుకు కట్టేవాడు. తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగేది ఆ రిజిస్టరునే. నేడు పాల ధరల పట్టిక, పరీక్షా ఫలితాలు, ఆడిట్ నోటీసు, శిక్షణ తరగతుల పిలుపు వంటివి ఈ-మెయిలులో వస్తున్నవి. రిజిస్టరు మాత్రం చాలాచోట్ల ఖాళీగా ఉంటున్నది. ఈ లోటును తీర్చుకొనే పద్ధతిని ఈ పాఠంలో వివరిస్తాము.

జరిగిన సంగతి

2022లో మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో వెన్నశాతం చూసే యంత్రం కొన్ని రోజులు తక్కువ చూపినట్లు తేలింది. ఆ రోజుల సభ్యులవారీ పట్టికలు 15 రోజులలో పంపితే తేడా సొమ్ము సర్దుబాటు చేస్తామని మెయిలు వచ్చింది. అది కార్యదర్శి సొంత ఖాతాకు వచ్చింది. ఆయన అప్పటికే పని మానుకొని వేరే ఊరు వెళ్ళాడు. కొత్త కార్యదర్శికి ఆ ఖాతా తెలియదు. సంగతి మా దృష్టికి వచ్చేసరికి గడువు దాటి నెల అయింది. ఒక్క బర్రెతో ఇల్లు గడుపుకొనే సభ్యురాలొకరు మమ్ములను ఇట్లా అడిగింది: "పాలైతే నేను పొద్దుగాల పోసిన సారూ, కాగితం ఎటు పోయింది?"

మేము జవాబు చెప్పలేకపోయినాము. మెయిలు ఎవరి ఖాతాకు వస్తున్నదని అంతకు ముందు తనిఖీలో మేమూ అడగలేదు. ఆ తప్పులో మాకూ పాలున్నది.

మేముండే కొత్తవాడ, వరంగల్లులో జంఖానాల నేతకు పేరుపొందిన వాడ. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మా పొరుగు నేతగాడొకాయన ఆర్డరు చీటీ రాగానే కొలత, రంగులు, గడువు ఆ పూటే పుస్తకంలో ఎక్కిస్తాడు. "చీటీ నా జేబులది, పుస్తకం మగ్గానిది" అంటాడు. మగ్గం మీద ఎవరు కూర్చున్నా పని ఆగకూడదని ఆయన భావం. సంఘం మెయిలుకూ ఇదే సూత్రం.

పద్ధతి

ఇందుకు రెండు వస్తువులు కావాలి. ఒకటి సంఘం పేరున మెయిలు ఖాతా. రెండవది ఎవర్‌నోట్ వంటి డిజిటల్ నోటుపుస్తకం. ఇటువంటి పుస్తకం కొన్నింటిలో ప్రతి ఖాతాకు ఒక రహస్య చిరునామా ఇస్తారు. ఆ చిరునామాకు చేరిన ప్రతి మెయిలు పుస్తకంలో ఒక పుటగా నిలుస్తుంది. మెయిలు విషయమే ఆ పుటకు శీర్షిక అవుతుంది. ఈ వసతి ఉచిత ఖాతాకు ఉన్నదో, చందా కట్టవలెనో ముందుగా చూసుకోవాలి.

ఇక వరుస ఇది:

1. పాలకవర్గం తీర్మానం చేసి, సంఘం పేరున ఖాతా తెరవాలి. పాస్‌వర్డు సీలు వేసిన కవరులో అధ్యక్షుని వద్ద ఉండాలి. ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టాలి. కార్యదర్శి మారిన రోజునే పాస్‌వర్డు మార్చాలి.

2. జీమెయిల్ అయితే కంప్యూటరులో తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అనే చోట నోటుపుస్తకపు చిరునామా చేర్చాలి. ఫోను యాప్‌లో ఈ పని కుదరదు.

3. వెంటనే ఒక ధ్రువీకరణ మెయిలు ఆ చిరునామాకు పోతుంది. అంటే అది నోటుపుస్తకంలోనే పుటగా కనబడుతుంది. అందులోని లింకు నొక్కితే అనుమతి పూర్తి అవుతుంది. చాలామంది ఈ మెయిలును ఇన్‌బాక్సులో వెదికి, రాలేదని వదిలివేస్తున్నారు.

4. తరువాత ఫిల్టర్ తయారు చేయాలి. యూనియన్, ఫెడరేషన్, సహకార శాఖల చిరునామాలు వ్రాసి, వాటి నుండి వచ్చిన మెయిలును ముందుకు పంపమని చెప్పాలి. మెయిలు మొత్తాన్నీ పంపరాదు. పంపితే బ్యాంకు కబుర్లు, ఓటీపీలు కూడా పోయి పుస్తకంలో పడతాయి.

5. ఒక పరీక్ష మెయిలు పంపించుకొని, పుటగా చేరిందో లేదో సరిచూసుకోవాలి.

జాగ్రత్తలు

ఫిల్టర్ పెట్టిన తరువాత వచ్చిన మెయిలే ముందుకు పోతుంది. పాతవాటిని చేతితో పంపుకోవాలి. స్పామ్‌లో పడిన మెయిలు పుస్తకానికి చేరదు. 30 రోజులకు అక్కడినుండి కూడా తొలగిపోతుంది. కాబట్టి వారానికొకసారి స్పామ్ చూడాలి. రహస్య చిరునామాను గోడ మీద వ్రాయరాదు. అది తెలిసినవారెవరైనా మన పుస్తకంలో చెత్త నింపగలరు.

నకలు చేరింది కదా అని అసలు మెయిలును చెరపరాదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 7వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును భద్రపరచినప్పుడు అది తరువాత చూచుటకు వీలుగా ఉండాలి. మొదట ఉన్న రూపమో, దానిని సరిగ్గా చూపగల రూపమో ఉండాలి. ఎక్కడినుండి, ఎవరికి, ఏ తేదీన, ఏ వేళకు వచ్చిందో తెలియాలి. ఈ వివరాలు పూర్తిగా ఉండేది అసలు మెయిలులోనే. నోటుపుస్తకం వెదుకులాటకు, అసలు మెయిలు సాక్ష్యానికి అని గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం

ఈ ఏర్పాటు మెయిలును దాచిపెడుతుందే గాని చదివిపెట్టదు. పైన చెప్పిన సంఘంలో ఈ పద్ధతి ఉండి, చదివేవారు లేకపోయినా సొమ్ము పోయేదే. కనుక ప్రతి శనివారం కార్యదర్శి, మరొక పాలకవర్గ సభ్యుడు కలిసి కొత్త పుటలు తెరిచి చదవాలి. గడువు ఉన్నవాటిని ఇన్వర్డు రిజిస్టరులో ఎక్కించాలి. సభ్యులకు సంబంధించిన కబురును పాల కేంద్రం బోర్డు మీద తెలుగులో వ్రాయాలి. ఇకమీదట మా తనిఖీలో రిజిస్టరుతో పాటు ఈ పుస్తకాన్నీ అడుగుతాము.

సంఘానికి వచ్చిన ఉత్తరం కార్యదర్శిది కాదు, పాలు పోసిన సభ్యులది. అది ఎక్కడున్నదని అడిగే హక్కు ప్రతి సభ్యునికీ, సభ్యురాలికీ ఉన్నది.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన సంఘం మెయిలు ఎవరి ఖాతాకు వస్తున్నది?
2. కార్యదర్శి రేపు పని మానుకొంటే ఆ ఖాతాను ఎవరు తెరవగలరు?
3. ఏయే మెయిలును నోటుపుస్తకానికి పంపరాదు? ఎందుకు?
4. గడువు ఉన్న మెయిలు చివరిసారి ఎప్పుడు వచ్చింది? ఎవరు చదివారు?