తిరగేసి చూస్తే తెలిసింది

విశాఖపట్నం సముద్రపు ఒడ్డున రాళ్లున్నాయి. ఆ రాళ్లకు చిన్న చిన్న గుల్లలు అంటుకుని ఉంటాయి. బోర్లించిన మూకుడులా ఉంటాయి. చేత్తో లాగితే ఒక పట్టాన ఊడి రావు. వీటిని లింపెట్లు అంటారు. ఇవి కూడా నత్తలే. కాకపోతే గుల్లకు మెలికలు కనపడవు.

ఇలాంటి గుల్లే ఒకటి నడిసముద్రంలో దొరికింది. అది 1952 మే నెల. డెన్మార్క్ దేశపు ఓడ గలతియా పసిఫిక్ మహాసముద్రంలో తిరుగుతోంది. కోస్టారికా దేశానికి పడమరగా వల దించారు. అక్కడ లోతు మూడున్నర కిలోమీటర్లు. మనం పక్క ఊరికి నడిచి వెళ్లేంత దూరం అన్నమాట. అదీ నిలువుగా! అంత లోతుకు ఎండ పోదు. అంతా చిమ్మచీకటి.

వల పైకి వచ్చింది. బురదలో పది జీవులు, మూడు ఖాళీ గుల్లలు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు వేళ్ల వెడల్పు ఉంటుందేమో. గుల్ల పలచన. పైనుంచి చూస్తే అచ్చం లింపెట్టే.

హెన్నింగ్ లెమ్కె అనే శాస్త్రవేత్త వాటిని తిరగేసి చూశాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది.

లింపెట్ గుల్ల లోపల ఒక మచ్చ ఉంటుంది. కండ అతుక్కున్న చోటు అది. గుర్రపు లాడంలా వంగి ఉంటుంది. ఈ గుల్లలో అలా లేదు. మచ్చలు విడివిడిగా, జతలు జతలుగా ఉన్నాయి. కండలు ఎనిమిది జతలు! పాదానికి రెండు పక్కలా ఐదేసి మొప్పలు. ఏ నత్తకూ ఇలా ఐదు జతల మొప్పలు ఉండవు. కళ్లు లేవు. ఆ చీకట్లో కళ్లతో పనేముంది?

జతల మచ్చలున్న గుల్లలు అంతకుముందే దొరికాయి. కానీ అవి రాయిగా మారినవి. స్వీడన్ దేశంలోని గాట్లాండ్ దీవి రాళ్లలో అలాంటిది ఉంది. దాని వయసు 40 కోట్ల ఏళ్ల పైమాటే. దాని పేరు పిలైనా. ఆ వంశం ఏనాడో అంతరించిందని అందరూ అనుకున్నారు. అది బతికే ఉందని లెమ్కె 1957లో ప్రకటించాడు. 'నియో' అంటే కొత్త. అందుకని నియోపిలైనా అని పేరు పెట్టాడు. దానికి ఓడ పేరు కూడా కలిపాడు.

ఇప్పుడు ఈ వంశంలో ముప్ఫై రకాలకు పైగా తెలుసు. కొన్ని బియ్యపు గింజకన్నా చిన్నవి. అందులో ఒకటి అట్లాంటిక్ మహాసముద్రంలో దొరికింది. దాని గురించి 1896లోనే పుస్తకానికి ఎక్కించారు. లింపెట్ వంటి నత్త అని రాశారు! అంటే గలతియా కన్నా 56 ఏళ్ల ముందే అది మనుషుల చేతికి వచ్చింది. ఎవరూ గుర్తుపట్టలేదు.