విత్తన కణత్వచాలలో లిపిడ్ అణువుల చలనం: ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ పరిశీలన

చల్లని నేలలో విత్తిన పత్తి గింజ నీరు పీల్చుకొనే తొలి గంటలలోనే దెబ్బతినవచ్చును. పొడిబారిన కణత్వచంలోని లిపిడ్లు బిగుసుకొని ఉంటాయి. అవి ద్రవస్థితికి రాకముందే నీరు లోనికి చొరబడితే లవణాలు, చక్కెరలు బయటికి కారిపోతాయి. నానబెట్టిన నీటి విద్యుద్వాహకతను కొలిస్తే ఈ నష్టం తెలుస్తుంది. అయితే త్వచంలో ఏ లోతున అణువుల కదలిక మారినదో ఆ కొలత చెప్పలేదు.

ఆ లోతును తెలిపే సాధనం ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్. లిపిడ్లలో సహజంగా జతలేని ఎలక్ట్రాన్ ఉండదు. కనుక కొవ్వు ఆమ్లపు గొలుసులో కోరిన కార్బన్ వద్ద నైట్రాక్సైడ్ సమూహాన్ని 'స్పిన్ లేబుల్'గా అమరుస్తారు. దాని నత్రజని కేంద్రకం వలన వర్ణపటంలో మూడు రేఖలు కనబడతాయి. లేబుల్ స్వేచ్ఛగా తిరిగితే రేఖలు సన్నబడతాయి. కదలిక నిర్బంధితమైతే వెడల్పై, బయటి శిఖరాల మధ్య ఎడం పెరుగుతుంది. ద్రవస్థితిలోని త్వచంలో 5వ కార్బన్ వద్ద క్రమబద్ధత ఎక్కువ. 16వ కార్బన్ వద్ద, అనగా త్వచపు నడిమి భాగాన, చలనం ఎంతో వేగవంతం. సాధారణ 9 గిగాహెర్ట్జ్ పరికరం నానోసెకన్ల స్థాయి చలనాలను పట్టుకొంటుంది.

నల్లగండ్లకు ఆనుకొని ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగంలో ఆచార్య ఎం.జె. స్వామి బృందం చేసిన కృషి ఇక్కడ విశేషంగా గమనింపదగినది. ఫాస్ఫటిడైల్ ఇథనోలమైన్ శిరోభాగపు నత్రజనికి మూడవ కొవ్వు ఆమ్లం చేరగా ఏర్పడే ఎన్-ఎసైల్ లిపిడ్‌ను వారు అధ్యయనం చేశారు. ఇది పత్తి గింజలలోనూ ఉన్నదని 1990లలోనే తెలిసినది. ఒత్తిడికి లోనైన కణజాలాలలో ఇది పెరుగుతుంది. జర్మనీలోని గొట్టింగెన్ మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన డెరెక్ మార్ష్‌తో కలిసి 2000లో వెలువరించిన స్పిన్ లేబుల్ పరిశోధనలో, ఆ మూడవ గొలుసు నీటివైపు వ్రేలాడక త్వచం లోపలి జలవిముఖ భాగంలోనే పాతుకొని ఉంటుందని తేలినది. ఒక్క అణువుకు మూడు లంగర్లన్నమాట! దెబ్బతిన్న త్వచాన్ని ఈ లిపిడ్ నిలబెట్టగలదన్న ఊహకు ఇది భౌతికమైన ఆధారం.

ఈ ఫలితం కృత్రిమ త్వచాలలో లభించినదని విద్యార్థులు మరువరాదు. లేబుల్ స్థూలమైనది, తన చుట్టూ ఉన్న అమరికను అదే కొంత చెదరగొడుతుంది. పైగా సజీవ కణజాలంలోని ఆస్కార్బేటు నైట్రాక్సైడ్‌ను క్షయకరించి సంకేతాన్ని చెరిపివేస్తుంది. ఇందుకై విత్తన పరీక్షలలో ఫెర్రిసైనైడ్ కలుపుతారు. అది చెక్కుచెదరని త్వచాన్ని దాటలేదు. కణం వెలుపలి లేబుల్ రేఖలను మాత్రం వెడల్పు చేసి కనుమరుగు చేస్తుంది. మిగిలిన సన్నని రేఖలు త్వచం నిలిచి ఉన్న కణాలవే. గోధుమ విత్తనాలు ముదిసేకొలది ఆ రేఖలు క్షీణించడాన్ని 1997లో ఈ పద్ధతితోనే చూపారు. పత్తిలో పిండం మేరకు వేరుచేసి ఇదే కొలతను చల్లని నీటిలోనూ, గోరువెచ్చని నీటిలోనూ పోల్చి చూడవచ్చును.