ఆనంద నామ సంవత్సరం ఎప్పుడు?

ప్రశ్న: మా ముత్తాతగారి తండ్రికి భట్టవృత్తి మాన్యం ఉండేదట. ఇంట్లో దొరికిన దస్తావేజులో 'ఆనంద నామ సంవత్సరం, ఫసలీ 1264' అని ఉంది. ఆయన వివరాలు ఎలా తెలుస్తాయి?
— ఓ పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) కూడా ఉండటం మీ అదృష్టం. ఆనంద అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1854 కావొచ్చు, 1914 కావొచ్చు. ఫసలీకి 590 కలపండి, 1854 తేలుతుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది గనుక పుష్యం, మాఘం లాంటి నెలయితే 1855 అయి ఉండొచ్చు.

భట్టవృత్తి, అంటే బ్రాహ్మణులకిచ్చిన మాన్యం, ఒక రకం ఇనామే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో ఇనాందారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవారితో చుట్టరికం రాశారు. ఊరు, పాత తాలూకా పేర్లతో కలెక్టరేట్ రికార్డు గదిలో నకలుకు దరఖాస్తు చేయండి. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం కదా, ఒకే పేరు ఇద్దరికి ఉండొచ్చు; తండ్రి పేరూ కలిస్తేనే రిజిస్టర్లోని ఆయన మీవారని నమ్మండి.