అతుకుల బొంతలో త్రిభుజము : కొలత, కుట్టు, కోత

చిరిగిన వస్త్రమును పారవేయక దానికి మరియొక జీవితమునిచ్చు విద్య అనేక జాతులయందు కలదు. తెలుగు ఇండ్లలో స్త్రీలు పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి, దారపు కుట్లతో బిగించి బొంతలు కుట్టుదురు. సింధు ప్రాంతపు స్త్రీలు రంగు గుడ్డలను చతురస్రములుగా, త్రిభుజములుగా కత్తిరించి ‘రల్లీ’లను కూర్చుదురు. సూఫీలు ధరించిన అతుకుల అంగీకి ‘మురఖ్ఖా’ అని పేరు. చిత్రములను, లిపి నమూనాలను చేర్చి కూర్చిన సంపుటములకును అదే పేరు వచ్చినది. ఉర్దూలో ‘గుదడీ కా లాల్’ అను నానుడి ఉన్నది. బొంతలో దాగిన మాణిక్యమని దాని భావము. అట్టి మాణిక్యములలో ఒకదానిని, బొంతలో దాగియున్న రేఖాగణితమును, ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ఇందులకు మేము అమెరికా దేశపు ‘క్విల్టు’ను ఉదాహరణముగా గైకొనుచున్నాము. క్విల్టునకు మూడు పొరలు ఉండును. పైన అతుకులతో కూర్చిన వస్త్రము, నడుమ దూది, క్రింద అస్తరు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపు స్త్రీలు పైపొరకు లెక్కలేనన్ని నమూనాలను కల్పించి, వానికి గాలిచక్రము, పగిలిన పళ్లెములు, ఎలుగుబంటి పాదము వంటి పేర్లు పెట్టిరి. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియమువారు ఇట్టి బొంతలను చిత్తరువులవలె గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. పైన చెప్పిన నమూనాలన్నింటికిని ఆధారమైనది ఒకే చిన్న భాగము. రెండు భిన్న వర్ణముల లంబకోణ త్రిభుజములు కర్ణము వెంబడి కలిసి ఒక చతురస్రమగుట. దీనిని అర్ధచతురస్ర త్రిభుజమందురు.

చూపునకు ఇది బహు సులభము. చతురస్రమును మూలకు మూలగా కోసిన రెండు త్రిభుజములు వచ్చును. రెండు రంగులవానిని తెచ్చి కుట్టిన సరిపోవునుగదా అని తోచును. చిక్కు అచటనే ఉన్నది. వస్త్రమున పడుగు నిలువుగాను, పేక అడ్డముగాను ఉండును. ఈ రెండు దిశలలో లాగినచో గుడ్డ అంతగా సాగదు. ఐమూలగా లాగినచో సాగును. మన దర్జీలు దీనిని ‘క్రాసు’ అందురు. క్రాసు కటింగు జాకెట్టు శరీరమునకు అమరుటకు ఈ సాగుడు గుణమే కారణము. జాకెట్టునకు మేలు చేసిన ఆ గుణమే బొంతకు కీడు చేయును. త్రిభుజమునకు కర్ణము సరిగా క్రాసుపై పడును. ముందుగా కోసి పిమ్మట కుట్టబోయినచో, మిషను పాదము క్రింద ఆ అంచు సాగి అలలుగా లేచును. చతురస్రము చతురస్రముగా నిలువదు.

అనుభవజ్ఞులు దీనికి కనుగొనిన ఉపాయము ఒక్కటే : ముందు కుట్టు, తరువాత కోత. గుడ్డ ఇంకను చతురస్రముగా ఉండగనే కుట్టువేసి, ఆ కుట్టు క్రాసు అంచును పట్టి ఉంచిన పిమ్మట కోయవలెను. పెక్కు పద్ధతులు ఈ సూత్రమునకు రూపాంతరములే.

పద్ధతులకు ముందు కొలతను తెలిసికొనవలెను. క్విల్టులో కుట్టు మార్జిను 1/4 అంగుళము. కుట్టి ముగిసిన పిదప 3 అంగుళముల చతురస్రము కావలెనన్న 3 7/8 అంగుళముల చతురస్రములను కోయవలెనని పుస్తకములు చెప్పును. ఈ 7/8 ఎచటినుండి వచ్చినది? ముగిసిన త్రిభుజమునకు మూడు వైపుల 1/4 అంగుళము మార్జిను చేర్చినపుడు, లంబకోణము వద్ద భుజము 1/4 అంగుళము, అనగా 0.25 పెరుగును. 45 డిగ్రీల కోణముగల కొన వద్ద పెరుగుదల అంతకంటె అధికము. 2 యొక్క వర్గమూలము 1.414. దానికి 1 కలిపి 1/4 చే గుణించినచో 0.604 వచ్చును. రెండును కలిసి 0.854 అంగుళము. టేపుపై ఎనిమిదవ వంతుల గీతలలో దానికి పైనున్న మొదటి గీత 7/8, అనగా 0.875. మిగిలిన రవ్వంత భాగమును చివర కత్తిరించి సరిచేయుదురు. కొందరు లెక్క సుగమమగుటకు ఒక నిండు అంగుళము చేర్చి, అధికభాగమును తరువాత కత్తిరింతురు. కారణము తెలిసినవారికి 7/8 ను కంఠస్థము చేయవలసిన అగత్యము లేదు.

ఇక పద్ధతులు.

మొదటిది, ఒకేసారి రెండు చేయుట. రెండు రంగుల 3 7/8 అంగుళముల చతురస్రములను మంచి వైపులు ఎదురెదురుగా ఉండునట్లు ఒకదానిపై ఒకటి ఉంచవలెను. పై గుడ్డ వెనుకవైపున మూలకు మూలగా గీత గీయవలెను. గీతకు ఇరువైపుల 1/4 అంగుళము ఎడముగా రెండు కుట్లు వేయవలెను. పిదప గీతపై కోసి విప్పినచో రెండు అర్ధచతురస్ర భాగములు వచ్చును. క్రొత్తగా నేర్చువారికి ఇదియే మేలు.

రెండవది, ఒకేసారి ఎనిమిది చేయుట. ముగిసిన కొలతను రెట్టించి 1 3/4 అంగుళము చేర్చవలెను. 3 అంగుళములకు 7 3/4. రెండు కర్ణములను గీచి, ఒక్కొక్కదానికి ఇరువైపుల కుట్లు వేసి, మొదట నడిమికి నిలువుగాను అడ్డముగాను, తరువాత కర్ణములపైనను కోయవలెను. ఇది మొదటి పద్ధతిని నాలుగు మారులు ఒకేచోట చేయుటయే.

మూడవది, ఒకేసారి నాలుగు చేయుట. జతపరచిన చతురస్రములకు నాలుగు అంచుల వెంబడి కుట్టువేసి, రెండు కర్ణములపై కోయుదురు. 3 అంగుళముల భాగమునకు సుమారు 5 1/2 అంగుళముల చతురస్రము కావలెను. గీత గీయు పని లేనందున ఇది శీఘ్రమైనది. కాని ఇందు నడిమి కుట్టు నేత దిశలో పడి, వెలుపలి నాలుగు అంచులును క్రాసుపై పడును. తొందరపడి తప్పించిన శ్రమ ఇచట వడ్డీతో తిరిగి వచ్చును. గుడ్డకు ముందుగా గంజి పెట్టి ఇస్త్రీ చేసినచో ఈ దోషము కొంత తగ్గును.

ఇవిగాక గీతలు అచ్చువేసిన పలుచని కాగితమును గుడ్డపై ఉంచి, ఆ గీతలపై కుట్టి, తరువాత కాగితమును చింపివేయు పద్ధతియు కలదు. కచ్చితమునకు ఇది పెట్టినది పేరు.

పనిముట్ల విషయమున అమెరికా స్త్రీలు చిరకాలము అట్ట నమూనా, పెన్సిలు, కత్తెరలతోనే పని సాగించిరి. 1979లో జపానునకు చెందిన ఓల్ఫా సంస్థ గుండ్రని బ్లేడు గల రోటరీ కట్టరును తెచ్చినది. దానికి తోడుగా కోతకు చెడని చాపయు, 45 డిగ్రీల గీత గల పారదర్శకమైన స్కేలును వాడుకలోనికి వచ్చి, పెక్కు పొరలను ఒక్క కోతతో కోయుట సాధ్యమైనది. ఈ పరికరములు లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. మిషను పలకపై సూదికి సరిగా 1/4 అంగుళము దూరమున ఒక అంటుపట్టీ అంటించిన అదియే మార్గదర్శి. ఇస్త్రీపెట్టెను అటునిటు రుద్దక పైనుంచి అదిమి ఎత్తవలెను. రుద్దిన క్రాసు సాగును. మార్జినును ముదురు రంగు వైపునకు మడువవలెను. ఆపై స్కేలుపై 45 డిగ్రీల గీతను కుట్టుపై ఆనించి, నాలుగు అంచులను కత్తిరించి 3 1/2 అంగుళములకు సరిచేయవలెను. కొనలయందు పొడుచుకొనివచ్చు చిన్న ముక్కలను అచటివారు ‘కుక్క చెవులు’ అందురు, వానిని తీసివేయవలెను.

ఇంతటి సూక్ష్మత ఏల అని కొందరు అడుగవచ్చును. ఒక్కొక్క భాగమున 1/16 అంగుళము తప్పిన, 16 భాగముల వరుస ఒక నిండు అంగుళము తప్పును. ఆ వరుస ప్రక్క వరుసతో కలియదు. పొరపాటు చిన్నదైనను, కూడికకు కనికరము లేదు.

విద్యార్థులు ఇచట ఒక విషయము గమనింపవలెను. తరగతి గదిలో మనము 2 యొక్క వర్గమూలమును వల్లించి, పరీక్షయందు వ్రాసి మరతుము. ఆ సంఖ్యయే గుడ్డలో, సూదిమొనలో జీవించియున్నది. దూదినేకి పరుపులు, రజాయీలు కుట్టిన నూర్‌బాషాల శ్రమయు, టేపు మెడలో వేసికొని కుటుంబములను పోషించిన దర్జీల నేర్పును మన సమాజమున తక్కువవి కావు. ఆ నేర్పును చదువుగాను, చదువును ఆ నేర్పునకు అక్కరకు వచ్చునదిగాను మనము ఎంచకపోవుటయే లోపము. బాలిక కుట్టుమిషను ముందు కూర్చున్నంతనే ఆమె గణితము ముగిసినదని పెద్దలు తలచుట తగదు. కుట్టు వచ్చినది గనుక చదువు మానిపింపవచ్చునని తలచుట అంతకంటె తగదు. కోణమును, భిన్నమును ఎరిగిన చేయి కుట్టునందును ముందుండును, పరీక్షయందును ముందుండును.

కావున కళాశాల సంఘమువారికి మాదొక మనవి. కుట్టుపని నేర్పుచోట వారమునకొక గంట గణిత బోధనకును, గణిత తరగతియందు ఒక గంట గుడ్డ, కత్తెరలకును కేటాయింపవలెను. ఇందులకు వలయు వ్యయము రెండు రంగుల గుడ్డముక్కలు, ఒక స్కేలు, ఒక దారపు ఉండ. విద్యార్థినీ విద్యార్థులు ఒక్కొక్క అర్ధచతురస్ర త్రిభుజమును కుట్టి, ఎవరిది 3 1/2 అంగుళములకు సరిగా వచ్చినదో కొలిచి చూతురుగాక. రానివారు ఎచట తప్పినదో లెక్కకట్టి చూతురుగాక. అన్నింటిని కలిపి కుట్టిన బొంత కళాశాలలో నిలిచియుండును. దాని వెనుకనున్న లెక్క వారి బుద్ధియందు నిలిచియుండును.