కరెంటు కారుకు ఇన్సూరెన్స్: ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

సూరత్‌లోని పర్వత్ పాటియా, లింబాయత్, ఉధనా వైపు నుంచి ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో ఎలక్ట్రిక్ కార్ల మాట ఎక్కువైంది. సాంచల (మరమగ్గాల) మీద రాత్రింబవళ్లు నిలబడి పనిచేసిన వాళ్ల పిల్లలు ఇవాళ చీరల మార్కెట్లో లెక్కలు చూస్తున్నారు, సొంత దుకాణాలు పెట్టుకుంటున్నారు. ఇంటికి మొదటి కారు వస్తోంది. పెట్రోలు ఖర్చు తప్పిందన్న సంతోషం ఇన్సూరెన్స్ కాగితం చూడగానే సగమైపోతోందని చాలామంది రాశారు. అందుకే ఈసారి జవాబులన్నీ దాని మీదే.

ప్రశ్న: కొత్త ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. ఇన్సూరెన్స్‌కు షోరూమ్ వాళ్లు చెప్పిన మొత్తం, బయట ఏజెంటు చెప్పినదానికంటే చాలా ఎక్కువ. తమ దగ్గర తీసుకోకపోతే డెలివరీ ఆలస్యమవుతుందంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పర్వత్ పాటియా

జవాబు: పాలసీ ఎక్కడ కొనాలన్నది పూర్తిగా మీ ఇష్టం. రిజిస్ట్రేషన్‌కు చెల్లుబాటయ్యే పాలసీ కావాలి కాబట్టి షోరూమ్ నుంచి ఛాసిస్ నంబరు, మోటారు నంబరు ముందే తీసుకుని, బయట కొన్న పాలసీ కాపీ వాళ్లకిస్తే సరిపోతుంది.

అయితే 'చాలా ఎక్కువ' అన్నది నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. రెండు కొటేషన్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి దాంట్లోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి. దీని రేటు ప్రభుత్వం నిర్ణయించింది, ఏ కంపెనీలో అయినా ఒకటే. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకు జరిగే నష్టానికి. బేరమంతా ఇక్కడే. ఇందులో ఐడీవీ ఎంత వేశారు, ఏ యాడ్ ఆన్‌లు (అదనపు కవర్లు) చేర్చారు అన్నవి చూడండి. ఐడీవీ అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ లెక్కగట్టే విలువ. దాన్ని లక్ష తగ్గించి, బ్యాటరీ కవర్ తీసేసి ఇచ్చిన కొటేషన్ చవగ్గా కనిపించడంలో వింతేముంది? ఒకే ఐడీవీ, అవే యాడ్ ఆన్‌లు పెట్టి ఒక ప్రభుత్వరంగ కంపెనీలో, ఒక ఏజెంటు దగ్గర, ఒకసారి ఆన్‌లైన్లో అడగండి. ఆ మూడు కాగితాలూ పట్టుకుని షోరూమ్‌కు వెళ్తే, అక్కడే రేటు తగ్గడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ ఒకేసారి మూడేళ్లకు కట్టాలి. ఓన్ డ్యామేజ్‌ మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు. రెండో ఏడాది ఆ భాగాన్ని వేరే కంపెనీలో కొనుక్కోవచ్చు. మొదటి ఏడాది షోరూమ్‌లో తీసుకున్నా, వచ్చే ఏడాది వాళ్ల దగ్గరే కట్టాలని లేదు.

ఇంట్లో పాత పెట్రోలు కారు ఉండి, దాన్ని అమ్ముతున్నారా? దాని మీది నో క్లెయిమ్ బోనస్‌ను వదులుకోకండి. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి 20, 25, 35, 45, చివరకు 50 శాతం దాకా ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గుతుంది. పాత కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త ఎలక్ట్రిక్ కారుకు వాడుకోవచ్చు. స్కూటర్ మీది బోనస్ మాత్రం కారుకు రాదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకు థర్డ్ పార్టీ తక్కువని విన్నాను. నా కారు బ్యాటరీ 30 యూనిట్లది. '30 కిలోవాట్ల లోపు' రేటు వేయమంటే ఏజెంటు కుదరదంటున్నాడు. మోసం చేస్తున్నాడా?
– ఒక పాఠకుడు, ఉధనా

జవాబు: లేదండీ, ఏజెంటు చెప్పిందే సరైనది. ఇక్కడ చాలామంది పొరపడుతున్నారు. మీరు చెప్పిన 30 బ్యాటరీలో పట్టే కరెంటు, అంటే కిలోవాట్ అవర్లు. ఇన్సూరెన్స్ పట్టికలో ఉన్నది మోటారు శక్తి, అంటే కిలోవాట్లు. బ్యాటరీని ట్యాంకు అనుకుంటే మోటారు ఇంజను. రేటు ఇంజనుకే గానీ ట్యాంకుకు కాదు.

2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం సొంత ఎలక్ట్రిక్ కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం ఇలా ఉంది: మోటారు 30 కిలోవాట్ల లోపు ఉంటే 1,780 రూపాయలు, 30 దాటి 65 వరకు 2,904, 65 దాటితే 6,712. వీటి మీద 18 శాతం జీఎస్టీ. పెట్రోలు కార్లకు ఇదే వరుసలో 2,094, 3,416, 7,897 ఉన్నాయి. అంటే మనకు 15 శాతం తగ్గింపు దొరికినట్టే.

ఉదాహరణకు 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీ మోటారు 95 కిలోవాట్లది. అది పై వరుసలోకి వెళ్తుంది. 24 యూనిట్ల టియాగో ఈవీ మోటారు 55 కిలోవాట్లు, కాబట్టి నడిమి వరుస. కారు ఎంచుకునే ముందే ఈ అంకె చూసుకుంటే ఏటా దాదాపు నాలుగు వేల తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ కింద ఉంది. ఖాడీ (వాగు) పొంగితే నీళ్లు మోకాలి దాకా వస్తాయి. ప్రీమియం తగ్గాలంటే బ్యాటరీ కవర్ తీసేయమని మా ఆయనకు ఎవరో సలహా ఇచ్చారు. తీసేయమంటారా?
– ఒక గృహిణి, పర్వత్ పాటియా

జవాబు: వద్దమ్మా. ఈ ఉత్తరాలన్నిటిలో నేను గట్టిగా చెప్పాల్సిన మాట ఇదే. 2006 ఆగస్టులో తాపీ నది ఊరిని ముంచిన రోజులు పెద్దవాళ్లు ఇంకా తలుచుకుంటూనే ఉన్నారు. తాపీ దాకా ఎందుకు, 2025 జూన్‌లో ఖాడీ నీళ్లు మన వీధుల్లోకి రాలేదా?

మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీలో వరద నష్టం ఉంటుంది. ఒట్టి థర్డ్ పార్టీలో ఉండదు. కాబట్టి మన ప్రాంతంలో ఎలక్ట్రిక్ కారుకు థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకోవడం తగదు. వరద నష్టం ఉన్న పాలసీలో కూడా రెండు చిక్కులున్నాయి. మొదటిది తరుగుదల. క్లెయిమ్‌లో బ్యాటరీకి 50 శాతం తరుగు తీస్తారు. బ్యాటరీ బిల్లు నాలుగు లక్షలైందనుకోండి, రెండు లక్షలు మీ చేతి నుంచి పోతాయి. రెండోది, నీళ్లలో తడిసిన కారును స్టార్ట్ చేయడం వల్లో ఛార్జింగ్ పెట్టడం వల్లో షార్ట్ సర్క్యూట్ అయితే, అది వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదని కంపెనీ వాదించవచ్చు. ఆ రెండు గండాలనూ దాటించేవే జీరో డిప్రిసియేషన్, బ్యాటరీ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్‌లు. జీరో డిప్రిసియేషన్ తీసుకున్నంత మాత్రాన బ్యాటరీ అందులో ఉందనుకోకండి. 'ఇందులో బ్యాటరీ ఉందా, నీళ్లు చేరితే ఇస్తారా, ఛార్జర్ కూడా ఉందా' అని అడిగి, జవాబు మెయిల్లో రాసిమ్మనండి.

బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉంది కదా అని కొందరి ధీమా. వారంటీ తయారీ లోపానికే. వరదకు పనికిరాదు.

వాన పట్టిన రాత్రి ఏం చేయాలో కూడా చెబుతాను. వీలుంటే ముందే కారును ఎత్తైన చోటికి తీయండి. నీళ్లు చేరాక మాత్రం స్టార్ట్ చేయకండి, ఛార్జింగ్ పెట్టకండి, నారింజ రంగు వైర్లను ముట్టుకోకండి. నీళ్లు తీశాక తలుపు మీద బురద గీత ఒకటి మిగులుతుంది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పేది ఆ గీతే. కడిగే ముందు దాన్ని, పక్కన గోడ మీది గీతతో సహా, ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. కారును తోయకుండా, లాగకుండా బండి మీదికి ఎక్కించి సర్వీస్ సెంటరుకు పంపమనండి. సర్వేయర్ చూసేదాకా ఏదీ విప్పనివ్వకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా బావ తన ఎలక్ట్రిక్ కారు నాకు అమ్ముతున్నాడు. పాలసీ ఇంకా ఆరు నెలలుంది. మళ్లీ ఖర్చు పెట్టాలా?
– ఒక పాఠకుడు, లింబాయత్

జవాబు: బంధువుల మధ్య అమ్మకమైనా కాగితం మీది పేరు మారాల్సిందే. కారు చేతులు మారాక థర్డ్ పార్టీ భాగం దానితోపాటే వస్తుంది. ఓన్ డ్యామేజ్ మాత్రం మీ పేరుకు మారాకే మీది. 14 రోజుల్లోగా కంపెనీకి రాసి పాలసీ మార్పించుకోండి. లేదంటే కారు మీదిగా, పాలసీ బావదిగా ఉండి, ప్రమాదంలో కారుకు జరిగిన నష్టానికి ఇద్దరికీ ఏమీ రాదు. మీ బావ బోనస్ ఆయన దగ్గరే ఉంటుంది. ఆ తేడా మొత్తం మీరు కట్టాలి.

తెలంగాణ 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్ మాఫీ చేసింది. ఆ మాఫీ గుజరాత్‌కు రాదు. తెలంగాణ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, 12 నెలల్లోగా సూరత్ ఆర్టీవోలో రిజిస్టర్ చేయించుకోవాలి. ఇక్కడి పన్ను ఎంతో బేరం కుదిరే ముందే అడిగి తెలుసుకోండి. ఇందులో ఒక చిన్న లాభం ఉంది. ఓన్ డ్యామేజ్ లెక్కలో హైదరాబాద్, అహ్మదాబాద్, ముంబయి లాంటి ఎనిమిది నగరాలు 'ఏ' జోన్. సూరత్ 'బీ' జోన్. నంబరు ప్లేటు ఇక్కడిదైతే ప్రీమియం కొద్దిగా తగ్గుతుంది.

ప్రశ్న: మార్కెట్ నుంచి గోడౌన్‌కు చీరల బేళ్లు అప్పుడప్పుడు కార్లోనే వేసుకెళ్తాను. ఇన్సూరెన్స్‌కు ఇబ్బందా?
– ఒక వ్యాపారి, పర్వత్ పాటియా

జవాబు: అవును, ఇబ్బందే. సొంత కారు పాలసీలో 'వాడకం పరిమితులు' అని చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. శాంపిల్స్, సొంత సామాను తప్ప వ్యాపార సరుకు తీసుకెళ్లకూడదని, కిరాయికి తిప్పకూడదని అందులో రాసి ఉంటుంది. నాలుగు చీరలు శాంపిల్‌గా చూపించడానికి తీసుకెళ్తే ఫర్వాలేదు. బేళ్లు వేసుకెళ్తుండగా ప్రమాదం జరిగితే క్లెయిమ్ నిలిచిపోవచ్చు. సరుకుకు టెంపో కిరాయి ఇవ్వడమే చవక.

ప్రశ్న: సగం ధరకే పాలసీ ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, పూణాగామ్

జవాబు: థర్డ్ పార్టీ రేటు అన్ని కంపెనీల్లో ఒకటే అని పైన చెప్పాను. దాని కంటే తక్కువ చెబుతున్నారంటే అక్కడే అనుమానించాలి. డబ్బు కంపెనీ ఖాతాకే కట్టండి, వ్యక్తుల ఫోన్ నంబర్లకు పంపకండి. పాలసీ చేతికొచ్చాక ఆ నంబరు చెప్పి కంపెనీనే అడగండి. ఎమ్‌పరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టినా ఇన్సూరెన్స్ తేదీ కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 రూపాయల జరిమానా. అసలు నష్టం దానికంటే పెద్దది. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మొత్తం మీ ఇంటి మీదే పడుతుంది.

కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల దాటినా తేలకపోతే అహ్మదాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ నంబరు 155255. 'బీమా భరోసా' పోర్టల్లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

చివరగా అందరికీ ఒక మాట. తగ్గించుకోవడానికి దారులున్నాయి: నాలుగు చోట్ల అడగడం, పాత బోనస్ తెచ్చుకోవడం, ఇంట్లో రెండో బండి ఉంటే 15 లక్షల యజమాని ప్రమాద బీమా రెండుసార్లు కట్టకపోవడం, చిన్న గీతలకు క్లెయిమ్ చేయకుండా బోనస్ కాపాడుకోవడం. ఖాడీ పక్కన ఉండే మనం బ్యాటరీ కవర్‌లో మాత్రం చేయి పెట్టకూడదు. జూన్ రాకముందే మీ పాలసీ కాగితం బయటికి తీసి మూడు చూడండి: గడువు తేదీ, ఐడీవీ, బ్యాటరీ కవర్. మూడోది లేకపోతే రెన్యువల్లో చేర్పించుకోండి.