చిన్నారి చేతుల్లో దైవస్మరణ

 

ఒకరోజు మా ఐదేళ్ళ అబ్బాయి అల్లరి చేస్తుంటే, "మూలన కూర్చొని వందసార్లు సుబ్‌హానల్లాహ్ చదువు" అని కసిరాను. మర్నాడు వాడు చెల్లెలి మీద కోపంతో, "ఉండు, నీతో సుబ్‌హానల్లాహ్ చదివిస్తా!" అని బెదిరించాడు. నా గుండె ఝల్లుమంది. హృదయాలకు నెమ్మది దైవస్మరణలోనే ఉందని దివ్యఖుర్ఆన్ (13:28) చెబుతోంది. ఆ స్మరణను నేనే పసివాడికి శిక్షగా మార్చేశాను! వాణ్ణి దగ్గరికి తీసుకొని, తప్పు నాదేనని చెప్పాను.

పిల్లలకు ఏడేళ్ళు వచ్చాక నమాజు చేయమని ఆదేశించాలని దైవప్రవక్త (సల్లం) బోధించారు (అబూదావూద్). అంతకు ముందు కాలం జిక్ర్ మీద ప్రేమ కలిగించడానికి అనువైనది. పసిపిల్లలు చేతితో తాకి, నోటితో రుచి చూసి నేర్చుకుంటారు.

దస్తర్‌ఖాన్ వద్ద: ప్రవక్త (సల్లం) పెంపకంలో ఉన్న ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో పళ్ళెమంతా చేయి పెట్టేవారు. అల్లాహ్ పేరుతో, కుడిచేత్తో, తన ముందున్నదే తినమని ప్రవక్త (సల్లం) మృదువుగా నేర్పారు. ఆయన జీవితాంతం అలాగే తిన్నారు (బుఖారీ). ముద్ద చేతిలో ఉండగా నేర్పిన బిస్మిల్లాహ్ మరపురాదు.

వంటింట్లో: తిరగలి తిప్పి చేతులు కాయలు కాచిన హజ్రత్ ఫాతిమా (రజి)కు ప్రవక్త (సల్లం) పడుకునే ముందు 33సార్లు సుబ్‌హానల్లాహ్, 33సార్లు అల్‌హందులిల్లాహ్, 34సార్లు అల్లాహు అక్బర్ పఠించమన్నారు. అమ్మీ రొట్టెలు చేసేటప్పుడు బిడ్డకు కాస్త పిండి ముద్ద ఇవ్వండి. ఒక్కో చిన్న ఉండకు ఒక్కో సుబ్‌హానల్లాహ్. పదితో ఆపినా చాలు.

వేళ్ళ మీద: వేళ్ళతో లెక్కించమనీ, రేపు అవి మాట్లాడతాయనీ ప్రవక్త (సల్లం) స్త్రీలకు చెప్పారు (తిర్మిజీ). పసివాడి వేలు పట్టుకొని ఒక్కో కణుపు లెక్కించండి.

నడకలో: ఎత్తు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అనేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు (బుఖారీ). మా నల్లగొండ పక్కన పానగల్‌లో ఉదయసముద్రం కట్ట ఉంది. పిల్లలకు అంతకంటే మంచి పాఠశాల ఏది? మీ ఊరి చెరువు కట్టయినా, ఇంటి మెట్లయినా సరే.

కొన్ని జాగ్రత్తలు: చింతగింజలు, పూసలు మరీ చిన్నపిల్లలకు ఇవ్వకండి. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. అల్లాహ్ నామాన్ని కాళ్ళకింద పడే ఇసుకలో, మట్టిలో రాయించకండి. ఆటవస్తువులకు ఎలాంటి పవిత్రతా లేదు. అవి లెక్కకు మాత్రమే. బిడ్డ విసుగుపడితే ఆపేయండి. అన్నిటికీ మించి, మీ నాలుకపై లేని జిక్ర్ బిడ్డ నాలుకపై నిలవడం కష్టం.

మొన్న కట్ట ఎక్కుతూ నేను మాటల్లో పడి మరచిపోయాను. ముందు పరుగెత్తుతున్న మా వాడు వెనక్కి తిరిగి, "అబ్బా, అల్లాహు అక్బర్ అనలేదు!" అన్నాడు. ఈసారి వాడి గొంతులో బెదిరింపు లేదు.

అల్లాహ్ మన సంతానాన్ని తనను ప్రేమతో స్మరించేవారిగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.