లినక్స్ పరకాయ ప్రవేశం

ఒక దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశించడాన్ని పరకాయ ప్రవేశం అంటారు. ఆదిశంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ ప్రసిద్ధమైనది. ఆ విద్యను తలపించే ప్రక్రియ ఒకటి కంప్యూటర్ రంగంలో ఉంది. ఒక కంప్యూటర్‌లోని లినక్స్ హార్డ్ డిస్కును వేరొక కంప్యూటర్‌లో అమర్చి, యథాప్రకారం పనిచేయించడమే ఆ ప్రక్రియ.

మదర్‌బోర్డు చెడిపోయినంత మాత్రాన హార్డ్ డిస్కులోని సమాచారం నశించదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన పాఠాలు, ఛాయాచిత్రాలు, లెక్కలు సాధారణంగా అందులో భద్రంగానే ఉంటాయి. వాటికి కావలసినది మరొక శరీరం మాత్రమే.

ఫిన్లాండ్ దేశీయుడైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉండగా లినక్స్‌కు శ్రీకారం చుట్టాడు. దాని కేంద్రభాగాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటర్‌ను ప్రారంభించిన ప్రతిసారీ కెర్నెల్ తన చుట్టూ ఉన్న పరికరాలను గుర్తించి, వాటికి తగిన డ్రైవర్లను సిద్ధం చేసుకొంటుంది. కనుకనే అది కొత్త యంత్రంలో కూడా తరచుగా తడబాటు లేకుండా మేల్కొంటుంది.

అయితే అడ్డంకులు లేకపోలేదు. 64 బిట్ల లినక్స్ 32 బిట్ల ప్రాసెసర్‌పై పనిచేయదు. డిస్కు విభాగాలను 'ఎస్‌డీఏ1' వంటి పేర్లతో నమోదు చేస్తే, కొత్త యంత్రంలో ఆ పేర్లు మారిపోవచ్చు. యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య డిస్కు విభాగంతోపాటే ఉంటుంది కనుక దానితో నమోదు చేయడం మేలు. యూఈఎఫ్ఐ పద్ధతిలో ప్రారంభమయ్యే కంప్యూటర్లలో బూట్ వివరాలు కొన్ని పాత మదర్‌బోర్డులోనే మిగిలిపోతాయి. అట్టి సందర్భంలో పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను నడిపి, బూట్‌లోడర్‌ను తిరిగి స్థాపించవలసి ఉంటుంది. డిస్కులోని సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి ఉంటే దానిని తెరిచే సంకేతపదం తప్పనిసరి. అది లేనినాడు డిస్కు చేతిలో ఉన్నా సమాచారం అందదు.

శంకరులు పరకాయ ప్రవేశం చేసినపుడు ఆయన దేహాన్ని శిష్యులు జాగ్రత్తగా కాపాడారని కథ చెబుతుంది. అదే విధంగా డిస్కును కొత్త యంత్రంలో నడపడానికి ముందే సమాచారానికి నకలు తీసి వేరొకచోట దాచాలి. పాత యంత్రం అప్పటికే మూగబోతే, డిస్కును కేబుల్ ద్వారా ఇంకొక కంప్యూటర్‌కు కలిపి నకలు తీయవచ్చు. విద్యుత్తును పూర్తిగా నిలిపివేసిన తరువాతనే డిస్కును విప్పాలి. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు; నకలు లేని సమాచారాన్ని మాత్రం ఏ అంగడిలోనూ కొనలేము.